రెండూ ఎడమ కాళ్లే

ఇంటి నుంచి
మార్చి 3, మంగళవారం

తమ్ముడికి,

ఉదయం నుంచి ఇప్పటిదాకా అయిన పనులు: ఉతికిన దుప్పట్లు నాలుగు. తుడిచిన కిటికీలు ఆరు, అందులో ఒకదాని గడియ ఊడి చేతికొచ్చింది. మీ బావగారి చొక్కాలకి గుండీలు మూడు. పక్కింటావిడ అడిగిన ప్రశ్నలు రెండు, చెప్పిన జవాబు ఒకటి. నీ పార్సిలు విప్పడం ఒకటి.

ఆ పార్సిలు దగ్గరే ప్రశ్నలు వచ్చాయి. విప్పుతుండగా ఆవిడ గుమ్మంలోకొచ్చి, "లెగ్గింగులు తెప్పించుకున్నారా, ఈ వయసులో!" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. కాన్వాసు గొట్టం ఒకటి తీసి చూపించాను. "మిలటరీవండీ. మోకాలి కింద నుంచి బూటు మీదిదాకా కాలికి తొడుక్కుని, పక్కన కొక్కేలకి తాడు బిగిస్తారు. ముళ్లూ బురదా లోపలికి పోకుండా" అన్నాను. "అవి మీకెందుకు?" అంది. దానికే జవాబు చెప్పలేదు. మీ బావగారు లోపలి నుంచి, "మా ఆవిడ సైన్యం కడుతోందండీ. కాళ్లు వచ్చేశాయి, మనుషులు రావాలి" అన్నారు.

నువ్వు పంపిన మూడింటినీ నా లెగ్గింగుల లెక్క పుస్తకంలో ఎక్కించాను.

తోలుది గుర్రం మీద వెళ్లేవాళ్లది. ఒక పక్క తోలు గుర్రం డొక్కకి రాసుకుని అద్దంలా నునుపెక్కింది. ఆ పక్కే లోపలివైపు అనుకుని చూస్తే కుడికాలిదని తేలింది. ఉన్ని చుట్టుడు పట్టీకి చిమ్మట కొట్టింది, మిగతావాటికి అంటకుండా వేరే డబ్బాలో పెట్టాను. మూడోది కాన్వాసుది. కొక్కేలు తొమ్మిదికి తొమ్మిదీ ఉన్నాయి. ఇత్తడివి కావు, ఇనుపవి, పైన ఆకుపచ్చ రంగు పూశారు. ఇత్తడి కరువైన రోజుల్లో చేసింది. కొక్కేలున్న వైపే బయటివైపు కాబట్టి ఎడమకాలు. దేన్నీ ఉతకలేదు, భయపడకు. ఈ ఇంట్లో నేను నీళ్లు చూపించని గుడ్డలు ఇవే. ఉతికితే లోపలి సిరా ముద్ర పోతుంది.

ముద్ర 17. నలభై ఒకటి కాదు.

మళ్లీ అదే పాటా అని విసుక్కోకు. నాన్న ఇరవై రెండేళ్లు ఆ మిలటరీ వర్క్‌షాపుకి లెగ్గింగులు కుట్టాడు, ఆయన నంబరు నలభై ఒకటి. ఒక్క కట్ట తేడా వచ్చిందని పనిలోంచి పంపేశారు. ఇరవై జతలు, అన్నీ ఎడమకాళ్లే. కుడికాలికి ఎడమది తొడిగితే కొక్కేలు లోపలివైపుకొస్తాయి, నడుస్తుంటే రెండు కాళ్లూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎవరో కొత్త సిపాయి లారీ దిగబోయి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. నాన్నది పరధ్యానం అని నువ్వంటావు. కట్టలు కట్టేవాడు నలుగురివి కలగలిపి ఎడమలన్నీ ఒకచోట చేర్చి ఉంటాడని నేనంటాను. నలభై ఏళ్లుగా ఇద్దరం అరిగిన రికార్డులా అక్కడే ఉన్నాం.

అందుకే మళ్లీ చెబుతున్నాను. ఆ కట్టలోది ఒక్క జత దొరికితే చాలు. రెండూ ఎడమలై ఉండి, వాటి మీద వేర్వేరు నంబర్లుంటే నాన్నది తప్పు కాదు. రెండింటి మీదా నలభై ఒకటే ఉంటే నేను నోరు మూసుకుంటాను.

మరదలి దగ్గు తగ్గిందా?

అక్క

*

కొట్టు నుంచి
మార్చి 17

అక్కా,

ఫోను చేద్దామనుకున్నాను. ఫోనులో అయితే అరుస్తాను. కాగితం మీద అరిస్తే నాకే నవ్వొస్తుంది, అందుకని రాస్తున్నాను.

మీ మరదలికి దగ్గు తగ్గింది, నన్ను తిట్టే ఓపిక తిరిగొచ్చింది.

సంచుల లోపల వేసే గుడ్డ కోసం పాత మిలటరీ కాన్వాసు తూకానికి కొంటానని నీకు తెలుసుగా. నిన్న బస్తా విప్పాను. గుడారం ముక్కలు, నీళ్ల సీసా తొడుగులు, వాటి మధ్యలో తాడుతో కట్టిన లెగ్గింగుల జత. కట్టింది కట్టినట్టే ఉంది, ఎవరూ తొడిగిన పాపాన పోలేదు. విప్పాను. ఎడమ. రెండోదీ ఎడమ. నవ్వొచ్చింది, నీకు పంపుదామని పక్కన పెట్టాను. ఆ తర్వాత ముద్ర చూశాను.

దీంతోపాటు పంపుతున్నాను. నువ్వే చూసుకో. దీని మీద 41. దాని మీదా 41. కట్టలు కట్టేవాడి పాపం కట్టలు కట్టేవాడితో పోయింది, పాపం అతను నలభై ఏళ్లు నీ నోట్లో నానాడు.

షరతు నేను పెట్టలేదు, నువ్వే రాశావు.

ఎత్తిపొడవాలని కాదు. కాదనడం ఎందుకు, ఎత్తిపొడవాలనే. బళ్లో నన్ను ఏమని పిలిచేవాళ్లో నీకు గుర్తుందా? "ఎడంకాలు". ఎడంకాలూ ఇటు రా, ఎడంకాలూ లెక్క చెప్పు. మాస్టారు కూడా ఒకసారి నోరు జారాడు. ఆ లెక్కలన్నా ఎంతకాలం చెప్పాను గనక? నాన్న పని పోయిన నాలుగో నెలకి ఫీజు కట్టలేక నన్ను ఈ తోలు కొట్లో పెట్టారు. నిన్న బల్ల మీద కూర్చున్నవాణ్ని ఇవాళ బల్ల కింద కూర్చుని బూట్లకి మైనం రుద్దాను. పదకొండేళ్లు నాకు. ఒక మనిషి తన చేతిలో ఉన్నది ఏ కాలిదో చూసుకోకపోవడం వల్ల.

ఇకనైనా ఒప్పుకో.

తమ్ముడు

*

ఇంటి నుంచి
ఏప్రిల్ 2, గురువారం

తమ్ముడికి,

పార్సిలు మార్చి 24న అందింది. కట్టు చెదరలేదు.

ముద్రలు అసలువే. సిరా కాన్వాసు పోగుల్లోకి ఇంకి ఉంది, తర్వాత కొట్టింది కాదు. అంకెలో ఒకటి కాస్త వంగి ఉంటుంది, నాన్న ముద్దర చెక్క అలాగే ఉండేది. నోరు మూసుకుంటానన్నాను, మూసుకున్నాను.

ఇక్కడ విశేషాలేమీ లేవు. ఊడిన గడియ బాగు చేయించాను. దుప్పట్లు ఉతికాను. ఎన్నో లెక్క పెట్టలేదు. మొన్న మీ బావగారు రెండు ముద్దలు తిని, "ఉప్పు రెండుసార్లు పడినట్టుందే" అన్నారు. పెళ్లయ్యాక నా చేతిలో ఉప్పు రెండుసార్లు పడటం ఇదే మొదలు. ఆయన కోపంగా అనలేదు, ఆశ్చర్యంగా అన్నారు.

కొత్త సామాను ఇప్పట్లో పంపకు. ఉన్నవాటినే సర్దుకోవాలి.

అక్క

*

కొట్టు నుంచి
ఏప్రిల్ 20

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించాను. "మనిషిని చంపేశావు కదయ్యా" అంది. ఇంత చిన్న ఉత్తరం నువ్వు జీవితంలో రాయలేదు. దుప్పట్లు లెక్క పెట్టలేదన్న చోట నేనూ ఆగి మళ్లీ చదివాను.

నేనలా రాయకుండా ఉండాల్సింది. నువ్వు నాన్న కూతురివి, నీకు ఆయన తప్పు చేశాడని తెలియడం వేరు, కళ్లతో చూడటం వేరు. ఆ మాత్రం తట్టలేదు నాకు. తోలు కోసీ కోసీ నా నాలుక కూడా ఉలి అయిపోయింది.

ఒక సంగతి చెప్పనా? గెలిచాక సంబరం వస్తుందనుకున్నాను. రాలేదు. పైగా కోపం కాస్త వదులైంది. నాన్న తప్పు చేశాడు, అంతే, మనిషన్నాక చేస్తాడు. ఇన్నాళ్లూ నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ తప్పు కాదేమో, నువ్వు "కాదు కాదు" అనడమేమో. నాకు జరిగిందానికి అసలు కారణమే లేదన్నట్టు ఉండేది.

ఆయన చివరి మూడేళ్లూ నా దగ్గరే ఉన్నాడు కదా. మందులకి లోటు చెయ్యలేదు. మాటలకే లోటు చేశాను. ఇప్పుడనిపిస్తోంది, "పోనీలే నాన్నా" అని ఉంటే నా సొమ్మేం పోయేది?

నువ్వు ఒక్క ముక్క రాయి. "నాన్నదే తప్పు, నువ్వు చెప్పింది నిజం" అని నీ చేత్తో. అది చదువుకుని నేను కూడా ఆయన్ని వదిలేస్తాను. మళ్లీ ఆ ఊసెత్తను. ఇద్దరం ముసలివాళ్లం అవుతున్నాం, ఇంకా ఈ కుస్తీ ఎందుకు?

నిన్ను బాధ పెట్టినందుకు ఏమీ అనుకోకు. పెద్దదానివి.

తమ్ముడు

*

ఇంటి నుంచి
మే 6, బుధవారం

తమ్ముడికి,

నువ్వడిగిన ముక్క రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. మూడు కాగితాలు చింపాను. నువ్వు కోపంగా రాసినప్పుడు చెప్పకుండా ఉండగలిగాను. నువ్వు మంచిగా రాశాక ఉండలేకపోతున్నాను.

ఆ లెగ్గింగులు కుట్టింది నాన్న కాదు. నేను.

మొదటి నుంచీ చెబుతాను. ఆ వారం అమ్మమ్మకి బాగోలేదని అమ్మ నిన్ను తీసుకుని వెళ్లింది. ఇంట్లో నాన్నా నేనూ. వర్క్‌షాపులో మర కింద పడి ఆయన కుడి బొటనవేలు నల్లగా ఉబ్బింది, సూది పట్టలేకపోయాడు. చేతికుట్టు పని ఇంటికి తెచ్చుకునేవాడని నీకు గుర్తుండే ఉంటుంది. ఆ కట్టలో ఇరవై జతలు, శనివారానికి అప్పజెప్పాలి. నంబరున్న మనిషి తప్ప ఇంకొకరు చెయ్యి పెట్టకూడదని అక్కడి నియమం. "నేను కుడతాను నాన్నా" అన్నాను. నాకు పదమూడేళ్లు. ఆయన సరేనన్నాడు.

గుడ్డ రెండు కాళ్లకీ ఒక్కటే. కొక్కేల పట్టీ ఈ అంచుకి కుడితే ఎడమ, ఆ అంచుకి కుడితే కుడి. నాన్న నొప్పితోనే ఒకటి కుట్టి, చూసుకోవడానికి నా ముందు పెట్టాడు. ఎడమా కుడీ సంగతి చెప్పాడో లేదో నాకు గుర్తు లేదు. చెప్పే ఉంటాడు. నాకు గుర్తున్నదల్లా బడి నుంచి వచ్చి పుస్తకాలు పక్కన పడేసి ప్రతి ముక్కనీ ఆయన కుట్టినదాని మీద పరచడం, అంచుకి అంచు కలపడం, వెంట్రుకవాసి తేడా లేకుండా కుట్టడం. నాలుగు సాయంత్రాలు. నలభై అచ్చుగుద్దినట్టు ఒక్కలా వచ్చాయి. అలా వచ్చాయని ఎంత మురిసిపోయానో! శుక్రవారం నాన్న వచ్చి వాటిని దీపం దగ్గర పెట్టి చూశాడు. కుట్టు చూశాడు, కాలు చూడలేదు. "నాకంటే బాగా కుట్టావే" అన్నాడు. జతలు కట్టి ముద్ర వేశాడు.

పని పోయిన రోజు నేనే అడిగాను, "నేను కుట్టినవా నాన్నా?" అని. "నీవన్నీ పాసయ్యాయమ్మా. తేడా వచ్చినవి అంతకుముందు వారం నేను అక్కడ కుట్టినవి" అన్నాడు. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అందుకే ఇన్నేళ్లలో నాకు అనుమానం రాలేదు. అందుకే ఆయన తప్పు కాదని నిరూపించాలని ఇన్ని పోగు చేశాను.

నువ్వు పంపిన జత అంచు కొంచెం ఎత్తి లోపలి కుట్టు చూశాను. ప్రతిదానికీ చూస్తాను, అలవాటు. నాన్న దారం కొసన మిరియపు గింజంత ముడి వేసేవాడు. ఒకదానిలో ముడి ఉంది. రెండోదానిలో లేదు. మూడు కుట్లు వెనక్కి వచ్చి, దారాన్ని మడత కిందికి తోసి తెంపారు. లేచి వెళ్లి మా దిండు గలీబు తిరగేశాను. అవే మూడు కుట్లు. అమ్మమ్మ నాకు నేర్పిన పద్ధతి. ముడి కనపడితే కుట్టినవాళ్ల మర్యాద పోతుందనేది.

నీకు దొరికింది నమూనా ఉన్న జతే. ఒకటి నాన్నది, సరైనది. రెండోది నాది.

బడి మానేసింది నువ్వు. తప్పు చేసింది నేను. నేను పదో తరగతి దాకా చదివాను, ఆడపిల్లలకి ఫీజు లేదు గనక. ఇది తెలిసి నెలన్నర అయింది. తెలిసిన రోజే రాయకపోవడం రెండో తప్పు, దానికి పదమూడేళ్ల వయసు అడ్డం పెట్టుకోను.

నన్ను ఏమన్నా పడతాను.

అక్క

*

కొట్టు నుంచి
మే 15

అక్కకి,

ఉత్తరం అందింది. చదివాను.

ఆ జత తిరిగి పంపు. ఏం చేస్తానని అడగొద్దు.

తమ్ముడు

*

ఇంటి నుంచి
జూన్ 1, సోమవారం

తమ్ముడికి,

జత పంపుతున్నాను. పెట్టెలో పెట్టేటప్పుడు మీ బావగారు, "కాల్చేస్తాడేమో, ఆలోచించుకో" అన్నారు. "కాలిస్తే కాల్చనివ్వండి" అన్నాను. నా దగ్గరున్న యాభై మూడింటిలో నాన్న చేతిది అదొక్కటే. ముడి ఉన్నదానికి చిన్న కాగితం గుచ్చాను. కాల్చేటట్టయితే రెండోది కాల్చు.

పుస్తకంలో ఆ వరస కొట్టెయ్యలేదు. "తమ్ముడి దగ్గర ఉంది" అని రాశాను.

నువ్వు ఆ రెండు ముక్కలు రాసి పదిహేడు రోజులైంది. లెక్క పెట్టకూడదనుకున్నాను. పెట్టాను. పోస్టు మనిషి నన్ను దూరం నుంచి చూడగానే ఖాళీ చేతులు చూపిస్తున్నాడు.

జవాబు రాయకపోయినా ఫరవాలేదు. మరదలి చేత బాగున్నామని ఒక్క ముక్క రాయిస్తే చాలు.

అక్క

*

కొట్టు నుంచి
జులై 9

అక్కా,

బాగున్నాం. ఆ ముక్క మీ మరదలు రాస్తానంది. నేనే రాస్తానన్నాను. అలా అని కూడా నెల గడిచింది.

నిజం చెబుతాను. కుట్టింది నువ్వయినందుకు కోపం ఒక పూట ఉంది. పదమూడేళ్ల పిల్ల మీద యాభై దాటినవాడు ఎంతసేపని కోప్పడతాడు? అసలు మండింది నువ్వు నెలన్నర దాచినందుకు. ఆ మధ్యలో నేను నీకు ఓదార్పు ఉత్తరం రాశాను, వెర్రివెంగళప్పలా. "పెద్దదానివి" అని కూడా రాశాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అది కూడా ఆరింది. ఆ తర్వాతే అసలు ఇబ్బంది. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. కోపం పాత చెప్పులాంటిది అక్కా. కరిచినా సరే అలవాటైపోతుంది. తీసేస్తే అడుగు నేల మీద సరిగ్గా పడదు.

జత వచ్చాక కాల్చలేదు. తొడుక్కున్నాను. నవ్వకు. బూట్లు వేసుకుని, రెండు కాళ్లకీ బిగించి, కొట్లో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. నాలుగో అడుగుకి కుడికాలి కొక్కెం ఎడమకాలి కాన్వాసుని పట్టుకుంది, బెంచీ మీద బోర్లా పడ్డాను. మీ మరదలు గుమ్మం పట్టుకుని నవ్వుతూ, "యుద్ధం గెలిచారా, ఇంకా ఉందా?" అంది. నాకు నవ్వు రాలేదు. అక్కడే కూర్చుని ఆ లారీ దిగినవాడి గురించి ఆలోచించాను. వాడి పేరు కూడా మనకి తెలియదు. మన ఇంట్లో ఎవరి తప్పో తేల్చుకోవడంలోనే నలభై ఏళ్లు గడిపాం, వాడి మోకాలు ఏమైందో ఒక్కసారి అనుకోలేదు.

ఇంకోటి. ఇది రాయాలా వద్దా అనే ఇన్నాళ్లూ ఆగాను. చివరి రోజుల్లో నాన్న కొట్టు మెట్టు మీద కూర్చునేవాడు. నేను చేసిన ప్రతి జతా చేతిలోకి తీసుకుని, తిప్పి, పక్కపక్కన పెట్టి చూసి లోపలికిచ్చేవాడు. నాకు చిరాకు. ఒకరోజు బేరగాళ్ల ముందే, "ఈ చూపేదో ఆనాడే చూసుంటే బాగుండేది" అన్నాను. ఆయన చెప్పు కింద పెట్టి లోపలికెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చి కూర్చున్నాడు, మళ్లీ తిప్పి చూశాడు. "నేను కాదురా, అది నీ అక్క" అంటే అయిపోయేది. నేను నమ్మేవాణ్ని కూడా. అనలేదు. నువ్వు ఆయనకి పెట్టిన బాకీ కంటే నేను పెట్టిందే ఎక్కువ, ఆ మాట ఒక్కదానికే.

నా బాకీ తీర్చే దారి లేదు. నీది ఉంది. విను.

పాతగుడ్డలవాడి గోదాముకి వెళ్లి మిగతా బస్తాలన్నీ తిరగేయించాను. అదే కట్టలోవి ఇంకా ఐదు జతలు దొరికాయి, పది ఎడమకాళ్లు. అన్నిటికీ నీ దిక్కుమాలిన మూడు కుట్లే. ఇక్కడ నాటకాల కంపెనీవాళ్లకి పదిమంది సిపాయిలు కావాలట, లెగ్గింగులు అడుగుతున్నారు. పది ఎడమలు ఉన్నాయి, పది కుడులు లేవు. కాన్వాసు నేను కోసి ఉంచుతాను, కొక్కేలు పాత సామానులో ఏరి పెడతాను. నువ్వు వచ్చి కుట్టు. ఇక్కడ, నా బల్ల దగ్గర, నా కళ్లెదురుగా. పుస్తకం తెచ్చుకో, ఏడుపు తెచ్చుకోకు.

బావగారిని ఉప్పు ఆయనే వేసుకోమను.

తమ్ముడు

*

ఇంటి నుంచి
ఆగస్టు 18, మంగళవారం

తమ్ముడికి,

క్షేమంగా చేరాను. బండి గంట ఆలస్యం. పది రోజుల్లో మీ బావగారు గిన్నెలు మూడు మాడ్చారు, రెండు దాచారు. దాచినవి కూడా దొరికాయి.

ఆ పది రోజుల సంగతి అక్కడ మాట్లాడుకోలేదు, నువ్వు తోలు కోస్తూ, నేను కుడుతూ గడిపేశాం. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది కుట్టి నీకిచ్చాను. నువ్వు దాన్ని తీసుకుని, తిప్పి, ఎడమదాని పక్కన పెట్టి, నీ కాలికి ఆనించి చూశావు. పక్కన పెట్టావు. రెండోది అలాగే. ఏడోది మాత్రం నా ఒళ్లోకి విసిరి, "అక్కా, ఇది మళ్లీ ఎడమే" అన్నావు. మరదలు పనాపి నీ వంక చూసింది. తిప్పి చూస్తే నిజంగానే ఎడమ. ఆరు సరిగ్గా వచ్చాయన్న ధీమాలో చెయ్యి పాత దారి పట్టింది. నువ్వు నవ్వావు. నిన్ను అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో! "నలభై ఏళ్ల సర్వీసు ఉన్న తప్పు, ఒక్కరోజులో రిటైరవుతుందా?" అన్నావు. విప్పి మళ్లీ కుట్టాను.

లోపలి కుట్టు ఎర్రదారంతో వేసినందుకు గొణిగావు. నాటకం చూసేవాళ్లకి కనపడదు, రేపెప్పుడో నాలాంటిది ఒకతె దొరకబుచ్చుకుని పాతవనుకుని మోసపోకూడదు. కొత్తది కొత్తదని తెలియాలి. ఆ విషయంలో నేను తగ్గను.

నాటకం రోజు పదిమందీ స్టేజీ మీద ఈ చివర నుంచి ఆ చివరికి కవాతు చేశారు. నువ్వు చూసింది వాళ్ల మొహాలు కాదు, నేనూ కాదు. ఒక్కడూ తడబడలేదు. జనం చప్పట్లు దేనికో కొడుతున్నారు, మనం దేనికో కొట్టాం.

మొదటి జత నీ కొట్లోనే ఉండనివ్వు. నాన్నది నీ దగ్గర ఉండాలి. రెండోదాన్ని కూడా విడదీయకు, కలిసి కట్టించుకున్నవి.

నువ్వు బండి కదిలేముందు కిటికీలోంచి, "ఇక అంతా చెల్లు అని పుస్తకంలో రాసుకో, మరిచిపోతావు" అన్నావు. రాశాను. రాసింది రాసినట్టు ఇక్కడ దించుతున్నాను.

తమ్ముడికి ఇవ్వాల్సినవి: కుడికాళ్లు పది.
ఇచ్చినవి: పది. ఒకటి తిరిగొచ్చింది, సరిచేసి ఇచ్చాను.
తమ్ముడి బడి: ఆరేళ్లు. ఇది ఏ వరసలో రాయాలో తెలియక బండి దగ్గరే అడిగాను. "రాయకు" అన్నాడు. అతను వద్దన్నా రాశాను. తీర్చలేదు.
మిగిలినదంతా, అతను చెప్పిన మాట ప్రకారం, చెల్లు.

అక్క